కంటైనర్లు గుడ్లు పెడతాయా?

గాజువాక నుంచి ఒకావిడ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, ఆఫీసుని గుర్తుపట్టే వివరాలు నేనే తీసేశాను. వయసు 33. సొంతూరు టెక్కలి దగ్గర ఒక పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీకామ్. పెళ్ళయి విశాఖ వచ్చాక పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో డేటా ఎంట్రీకి చేరి ఆరేళ్ళు చేశారు. నాలుగు నెలల కిందట ఆవిణ్ణి కస్టమర్ డెస్కుకి మార్చి జీతం 4,000 పెంచారు. అంటే అప్పటిదాకా బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కి ఇచ్చే పత్రాలు) కొట్టుకుంటూ కూర్చున్న మనిషి ఇప్పుడు బయటి దేశాల పార్టీలకి మెయిల్స్ రాయాలి, ఫోన్లు ఎత్తాలి.

గొడవ రెండో నెలలో మొదలైంది. "ఒరిజినల్ కాగితాలు బుధవారంలోపు మాకు అందితే శుక్రవారానికి కార్గో క్లియర్ చేస్తాం" అని చెప్పాలనుకుని, "ఇఫ్ వి రిసీవ్డ్ ద ఒరిజినల్స్ బై వెన్స్‌డే, వి వుడ్ క్లియర్ ద కార్గో బై ఫ్రైడే" అని రాశారు. 'విల్' కంటే 'వుడ్' మర్యాదగా ఉంటుందని ఎవరో చెప్పారట. అవతలివాళ్ళు కంగారుపడి ఫోన్ చేశారు: మేం కొరియర్ చేసి మూడు రోజులైంది, అవి రావని మీరెందుకు అనుకుంటున్నారు అని. అది సర్దుకునేలోపే ఇంకో మెయిల్. రెండు కంటైనర్లు యార్డులో పడి ఉన్నాయని చెప్పడానికి "ద కంటైనర్స్ ఆర్ లేయింగ్ ఇన్ ద యార్డ్" అని రాశారు. సోమవారం మీటింగ్‌లో మేనేజరు దాన్ని పైకి చదివి, "మన కంటైనర్లు గుడ్లు పెడుతున్నాయటండోయ్, ఆమ్లెట్లకి రెడీ అవ్వండి" అన్నాడు. సాయంత్రానికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో కోడిపెట్ట బొమ్మ. అప్పట్నుంచి ఈవిడ మీటింగ్‌లో నోరు విప్పడం లేదు, ఫోన్ మోగితే పక్క సీటు కుర్రాడికి ఇచ్చేస్తున్నారు.

ఇంట్లో ఐదో తరగతి చదివే కూతురు, చుట్టాల ముందే, "అమ్మా, బారో మి కాదు, లెండ్ మి" అని సరిచేస్తుంది. భర్త, "ఎందుకొచ్చిన తంటా, పాత సీటుకి వెళ్ళిపో" అంటారు. ఫ్రిజ్ మీద నాలుగు గళ్ళ చార్టు అంటించుకున్నారు: జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్, అంటే ఇంగ్లీషులో 'అలా అయితే ఇలా' అనే షరతు వాక్యాలకి నాలుగు ఫార్ములాలు. నాలుగూ కంఠతా వచ్చు, ఫోన్లో మాత్రం ఒక్కటీ రాదు. ద్వారకానగర్లో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటరు మూడు నెలలకి 18,000 అడిగింది, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. అక్కడ చేరితే ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పాత సీటుకి వెళ్ళిపోనా, కోచింగ్‌లో చేరనా, అసలు ఉద్యోగమే మానేయనా అని అడిగారు. ఐదో పేజీలో ఇలా రాశారు: "చిన్నప్పుడే ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే ఈరోజు నాకీ అవమానం ఉండేది కాదు కదా మేడమ్." చివర చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న: 'ఇఫ్ ఐ వాజ్' కరెక్టా, 'ఇఫ్ ఐ వర్' కరెక్టా?

చూడండమ్మా, ఆ ఐదో పేజీ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, ఎంత బాధ వాక్యమైనా నాకు ముందు కనబడేది వ్యాకరణమే, ఏమనుకోకండి. షరతు ఎప్పటిది? చిన్నప్పటిది. ఫలితం ఎప్పటిది? ఈరోజుది. మీ ఫ్రిజ్ మీద చార్టులో దీనికి గడి లేదు. జరిగిపోయినదాని గురించి చెప్పే థర్డ్ కండిషనల్ ముందు సగం, ఇప్పుడు జరగనిదాని గురించి చెప్పే సెకండ్ కండిషనల్ వెనక సగం కలిపితే ఇది వస్తుంది, మిక్స్‌డ్ కండిషనల్ అంటారు, కోచింగుల్లో ఆఖరి వారానికి దాచిపెడతారు. "ఇఫ్ ఐ హ్యాడ్ స్టడీడ్ ఇన్ ఇంగ్లీష్ మీడియం, ఐ వుడ్ నాట్ ఫీల్ దిస్ షేమ్ టుడే." ఆ లెక్కంతా మీరు తెలుగులో తడుముకోకుండా కట్టేశారు. అంటే ఆలోచన మీ దగ్గర ఉంది, సరంజామా కూడా ఉంది. మీరు చేస్తున్న పొరపాటల్లా ఆ తెలుగుని పక్కన పడేసి, ఖాళీ బుర్రతో చార్టు దగ్గరికి వెళ్ళడం.

ముందు ఆ మొదటి మెయిల్ సంగతి. వ్యాకరణం ప్రకారం అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. మీరు అనుకున్నది ఒకటి, అది చెప్పింది ఇంకొకటి. మన తెలుగులో "వస్తే" అనడం ఒకటి, "వస్తే గిస్తే" అనడం ఒకటి. "కాగితాలు వస్తే క్లియర్ చేస్తాం" అంటే వ్యాపారం మాట. "కాగితాలు వస్తే గిస్తే క్లియర్ చేస్తాం లెండి" అంటే అవతలివాడి మీద నమ్మకం లేని మాట. ఇంగ్లీషులో 'గిస్తే' లేదు పాపం, ఆ పని వాళ్ళు క్రియని ఒక మెట్టు వెనక్కి నెట్టి చేస్తారు: 'రిసీవ్' కాస్తా 'రిసీవ్డ్', 'విల్' కాస్తా 'వుడ్'. మీరు మర్యాద అనుకుని 'గిస్తే' కలిపారు. వాళ్ళు కంగారుపడక ఏం చేస్తారు? "ఇఫ్ వి రిసీవ్ ద ఒరిజినల్స్ బై వెన్స్‌డే, వి విల్ క్లియర్ ద కార్గో బై ఫ్రైడే" అని రాసి ఉంటే సరిపోయేది, మర్యాదకీ లోటు ఉండేది కాదు.

ఇక్కడ తిరకాసు ఎక్కడుందంటే, తెలుగులో '-తే' అనే ఒక్క ముక్క మూడు పనులు చేస్తుంది. "ఒకటో తారీఖు వస్తే జీతం పడుతుంది" అంటాం, ఒకటో తారీఖు రాకుండా ఎక్కడికి పోతుంది? అది 'వెన్'. "సాయంత్రం వాన వస్తే ఆటోలో వస్తాను" అంటాం, రావచ్చు, రాకపోవచ్చు, అది 'ఇఫ్', వెనక 'రెయిన్స్', ఆ తర్వాత 'విల్'. "నాకు కోటి రూపాయల లాటరీ వస్తే భీమిలి రోడ్డులో ఇల్లు కొంటాను" అంటాం, టికెట్ కూడా కొనలేదు, అది 'గిస్తే' సరుకు, కాబట్టి 'ఇఫ్ ఐ వన్', 'ఐ వుడ్ బై'. మనకి మూడూ 'వస్తే'. వినేవాడు సందర్భాన్ని బట్టి, మన మొహాన్ని బట్టి పోల్చుకుంటాడు. ఇంగ్లీషులో ఆ తేడా మాటలోనే కనపడాలి. అందుకని ఫోన్లో నాలుగు ఫార్ములాలు వెతక్కండి, మీలో మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది జరిగి తీరుతుందా, జరగొచ్చా, జరిగే పని కాదా? మీ ఆఫీసులో ఇది డబ్బు విషయం కూడా. "వెన్ ద వెసెల్ బెర్త్స్" అంటే ఓడ వస్తోంది, బెర్తు మీదకి, అంటే రేవులో ఓడ ఆగే చోటికి, రావడమే తరువాయి. "ఇఫ్ ద వెసెల్ బెర్త్స్" అంటే అది వస్తుందో రాదో మీకే తెలీదు. ఆ ఒక్క మాట చూసి అవతల లారీ బుక్ చేసుకునేవాళ్ళుంటారు, మానుకునేవాళ్ళుంటారు.

'ఇఫ్' పక్కన 'విల్' పెట్టేయడం మీ మెయిల్‌లో లేదు గానీ, మీ పక్క సీటు కుర్రాడు చేస్తాడని పందెం కాస్తాను. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో" అంటారు, రేపటి మాట కదా అని. తెలుగులో కూడా "వస్తే"లో రేపు లేదు చూడండి. "రేపు వాన వస్తే" అంటాం గానీ "రేపు వాన వస్తుంది అయితే" అనం. మన '-తే'కి కాలం అక్కర్లేదు, వాళ్ళ 'ఇఫ్'కి ప్రెజెంట్ చాలు.

ఇప్పుడు 'వుడ్'. ఏటా క్లాసులో ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు హుషారొచ్చేది. మీరు చిన్నప్పుడు టెక్కలిలో ఉన్నప్పటి మాట చెప్పండి: "సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్ళేదాన్ని." ఇప్పటి మాట చెప్పండి: "సెలవుంటే అమ్మమ్మ ఊరు వెళ్ళేదాన్ని." రెండు చోట్లా అదే "వెళ్ళేదాన్ని". మొదటిది నిజంగా జరిగిన అలవాటు, రెండోది జరగని పని. ఇంగ్లీషులోనూ అచ్చం ఇంతే, రెండు చోట్లా 'వుడ్ గో'. ఎక్కడ టెక్కలి, ఎక్కడ లండన్! కాబట్టి చార్టు బదులు ఇది గుర్తుపెట్టుకోండి: షరతు వాక్యంలో మీ తెలుగులో '-ఏదాన్ని, -ఏవాళ్ళం, -ఏది' ఎక్కడ వస్తుందో అక్కడ 'వుడ్' ఖాయం, లాటరీ లాంటి 'గిస్తే' సరుకుకి ఎలాగూ 'వుడ్'. "పంపిస్తే చేస్తాం"లో '-ఏవాళ్ళం' లేదు, 'గిస్తే' కూడా లేదు, అందుకే అక్కడ 'వుడ్' లేదు. "మాకు అధికారం ఉంటే ఇప్పుడే వదిలేసేవాళ్ళం"లో ఉంది: "ఇఫ్ వి హ్యాడ్ ద పవర్, వి వుడ్ రిలీజ్ ఇట్ నౌ." "వుడ్ యు ప్లీజ్ సెండ్" లాంటి బతిమాలే మాటలు వేరే కొట్లో సరుకు, అక్కడ 'వుడ్' మర్యాదకే. ఆ కొట్లోది తెచ్చి ఈ కొట్లో పెట్టడం వల్లే మీకు మొదటి దెబ్బ తగిలింది.

జరిగిపోయినదానికి కూడా తెలుగే దారి చూపిస్తుంది. "మీరు నిన్న పంపి ఉంటే, మేం ఇవాళ క్లియర్ చేసి ఉండేవాళ్ళం." పంపి ఉంటే, 'హ్యాడ్ సెంట్'. చేసి ఉండేవాళ్ళం, 'వుడ్ హ్యావ్ క్లియర్డ్'. మన 'ఉండు' చేసే పనే వాళ్ళ 'హ్యావ్' చేస్తోంది. మొదటి సగంలో "పంపి ఉండేవారు అయితే" అని మనం అనం కదా, అందుకే "ఇఫ్ యు వుడ్ హ్యావ్ సెంట్" అని రాయకూడదు. మాటల్లో అమెరికావాళ్ళు కొందరు అంటారు, విని మోసపోకండి, ఆఫీసు మెయిల్‌లో అది తప్పే.

అలవాటు కావాలంటే విశాఖలో ఉన్నవాళ్ళకి ఉదాహరణల కరువు లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మీరు అప్పటికి ఇక్కడికి వచ్చారో లేదో. మా సందు చివర పెద్ద వేపచెట్టు ఉండేది, ఆ రోజు వేళ్ళతో సహా లేచి గోడ మీద పడింది. ఇప్పటికీ మండుటెండలో ఆ మలుపు తిరిగినప్పుడల్లా అనుకుంటాను, హుద్‌హుద్ రాకపోయి ఉంటే ఆ చెట్టు ఇంకా ఉండేది అని. "ఇఫ్ హుద్‌హుద్ హ్యాడ్ నాట్ కమ్, ద ట్రీ వుడ్ స్టిల్ బి దేర్." మీ ఐదో పేజీ వాక్యమే ఇది, మనిషి బదులు చెట్టు. బస్సులో కూర్చుని ఇలాంటివి రోజుకి మూడు తెలుగులో అనుకోండి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి దింపండి. 'అన్‌లెస్' గురించి ఒక్క మాట: దానిలోనే '-కపోతే' ఉంది, మళ్ళీ 'డోంట్' తగిలించకండి. "అన్‌లెస్ యు పే" అంటేనే "కట్టకపోతే".

ఇక గుడ్ల కథ. మీకు ఇబ్బంది పెట్టే క్రియల్లో సగం మనకి తెలుగులో రెండేసి మాటలున్నవే. పెరుగు, పెంచు. లేచు, లేపు. గుర్తుండు, గుర్తుచేయు. నేర్చుకో, నేర్పు. అప్పు పుచ్చుకో, అప్పు ఇవ్వు. ఇంగ్లీషులో వీటినే 'రైజ్-రెయిజ్', 'రిమెంబర్-రిమైండ్', 'లెర్న్-టీచ్', 'బారో-లెండ్' అంటారు. 'రైజ్-రెయిజ్', 'లై-లే' లాంటి జతలకి ఒక పరీక్ష ఉంది: "దేన్ని?" అని అడగండి. "ఫ్రైట్ (సరుకు రవాణా) రేట్లు పెరిగాయి." దేన్ని? ఆ ప్రశ్నే అతకదు. కాబట్టి 'రైజ్': "రేట్స్ హ్యావ్ రిజన్." "లైన్‌వాళ్ళు (ఓడల కంపెనీవాళ్ళు) రేట్లు పెంచారు." దేన్ని? రేట్లని. కాబట్టి 'రెయిజ్': "ద లైన్ హ్యాజ్ రెయిజ్డ్ ద రేట్స్." ఇన్‌వాయిస్ కూడా అంతే, దాన్ని మీరు రెయిజ్ చేస్తారు, దానంతటది లేవదు. కోడి పెడుతుంది, దేన్ని? గుడ్డుని. అది 'లే'. కంటైనర్ పడి ఉంది, దేన్ని? దేన్నీ కాదు. అది 'లై', కాబట్టి "లైయింగ్ ఇన్ ద యార్డ్".

అయితే ఒక మాట మీ మేనేజరుకి తెలుసో లేదో గానీ మీకు తెలియాలి. పడి ఉండడం అనే 'లై'కి పాస్ట్ టెన్స్ ఏమిటో తెలుసా? 'లే'! "నిన్నంతా యార్డులోనే పడి ఉంది" అనాలంటే "ఇట్ లే ఇన్ ద యార్డ్ ఆల్ డే యెస్టర్‌డే". గుడ్డు పెట్టే 'లే'కి పాస్ట్ 'లెయిడ్'. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్ళు కూడా ఈ రెండు క్రియల దగ్గర తప్పులో కాలేస్తుంటారు. ఇంకో సంగతి, మీరు రోజంతా 'బిల్ ఆఫ్ లేడింగ్' (సరుకు ఓడకెక్కించినట్టు ఇచ్చే రసీదు) అని కొట్టీ కొట్టీ ఆ 'లే' వేళ్ళకి అంటుకుందేమోనని నా అనుమానం. ఆ లేడింగ్ వేరు, సరుకు ఎక్కించడం అనే పాత మాట నుంచి వచ్చింది. వీటన్నిటితో తలనొప్పి వద్దనుకుంటే పక్కదారి ఉంది: "ద కంటైనర్స్ ఆర్ ఇన్ ద యార్డ్." అయిపోయింది. క్రియతో పేచీ వస్తే దాన్ని తప్పించుకుని వెళ్ళడం తెలివే, నేనూ చేస్తాను.

తెలుగులో ఒక్క మాటే ఉండి ఇంగ్లీషులో విడిపోయేవి మిగతా సగం, ఇవి నిజంగా కొత్తగా నేర్చుకోవాల్సినవి. మనకి 'చెప్పు' ఒకటే. వాళ్ళకి 'టెల్' అంటే ఎవరికి చెప్పారో వెంటనే రావాలి, "హి టోల్డ్ మి". 'సే'కి అక్కర్లేదు, "హి సెడ్". "హి సెడ్ మి" అనేది మన ఊళ్ళో రోజూ వినపడుతుంది. 'చేయు' కూడా అంతే, పేమెంట్, కాల్, మిస్టేక్ అన్నీ 'మేక్', వర్క్, బిజినెస్, ఫేవర్ అన్నీ 'డూ'. దీనికి సూత్రం అడక్కండి, చెప్పినవాళ్ళని నమ్మకండి, జతలుగా నోటికి రావాల్సిందే.

మీ పనిలో ఇంకొకటి జాగ్రత్త. జరిగేలా చూస్తాం అనే 'ఎన్షూర్' స్పెల్లింగు 'ఈ' అక్షరంతో మొదలవుతుంది, బీమా చేయించే 'ఇన్షూర్' 'ఐ' అక్షరంతో. "సరుకు భద్రంగా వచ్చేలా చూస్తాం" అనబోయి ఐ అక్షరం కొట్టారంటే, బీమా మేం చేయిస్తాం అని రాసిచ్చినట్టు చదువుకునే ప్రమాదం ఉంది. గుడ్లకి నవ్వుతారు గానీ దీనికి నవ్వరు. పోగొట్టుకోవడం 'లూజ్', వదులుగా ఉండడం 'లూస్'. మనం ప్యాంటు లూజయింది అంటాం చూడండి, అక్కడే తిరగబడింది, అందుకే రాసేటప్పుడు కూడా తారుమారవుతుంది.

ఇదంతా చెప్పాను గానీ, మీ నోరు మూయించింది '-తే' కాదు, ఆ కోడిపెట్ట బొమ్మ. నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, జోరు వాన, ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి "సార్, మే ఐ లెండ్ యువర్ అంబ్రెల్లా?" అన్నాను. ఇంగ్లీషు లెక్చరర్ని! ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవరికిస్తారమ్మా నా గొడుగు?" అన్నారు. గొడుగు ఇచ్చారు, ఆ మాట గదిలోనే ఉండిపోయింది. మీ మేనేజరు చేసిన పనికీ దీనికీ ఉన్న తేడా అదే, తప్పు చూపించడం వేరు, పదిమందిలో ఊరేగించడం వేరు.

ఏం చేయొచ్చు? మేనేజరు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, "నా మెయిల్‌లో తప్పుంటే నాకు చెప్పండి సార్, గ్రూపులో పెట్టకండి" అని రెండు ముక్కల్లో, తెలుగులోనే అనొచ్చు. ఆయన "సరదాకి అన్నానమ్మా" అంటారు, దాదాపు ఖాయం. కొన్నాళ్ళు ముభావంగా ఉండొచ్చు కూడా. కానీ రెండోసారి బొమ్మ పెట్టేముందు చెయ్యి ఆగుతుంది. అలా కాకపోతే పని మాటగా అడగొచ్చు: నెల రోజులు బయటికి వెళ్ళే ముఖ్యమైన మెయిల్స్ ఎవరైనా ఒకసారి చూసి పంపితే బావుంటుందని. మెయిల్స్ కాస్త ఆలస్యమవుతాయి, మీకు చిన్నతనంగానూ అనిపించొచ్చు. కాకపోతే అప్పుడు తప్పు మీ ఒక్కరిదీ కాదు, చూసినవాళ్ళది కూడా. ఏమీ అనకుండా ఊరుకోవడమూ ఒక పద్ధతే, ఆఫీసు జోకులు వారాల్లో పాతబడతాయి. కానీ మీరు ఊరుకోవడం లేదమ్మా, ఫోన్లు పక్కవాడికి ఇచ్చేస్తున్నారు. అది ఇంకో రెండు నెలలు సాగితే ఆ సీటు మీరు వదలక్కర్లేదు, ఆ కుర్రాడి దగ్గరికి అదే నడిచి వెళ్తుంది.

పాత సీటు గురించి. వెళ్ళిపోవడంలో తప్పేం లేదు, మీవారు చెప్పిందీ మీ మీద ప్రేమతోనే అయ్యుంటుంది. నెలకి 4,000 పోతుంది, రాత్రి నిద్ర వస్తుంది. కాకపోతే ఎందుకు వెళ్తున్నారో మీకు తెలిసి వెళ్ళండి. ఆ పని మీకు నచ్చక వెళ్తే ఒక రకం, కోడి బొమ్మ చూసి వెళ్తే ఇంకో రకం, రెండోదయితే రోజూ కొత్త సీటు వైపు చూస్తూ పాత సీట్లో కూర్చోవాలి. ఉద్యోగం మానేయడం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, మీకే దాని మీద మనసు లేదని అర్థమైంది, నేనూ వదిలేస్తున్నాను.

కోచింగ్ దగ్గర కాస్త లెక్క వేద్దాం. ఫీజు 18,000, మీకు పెరిగిన జీతం మూడు నెలలకి 12,000. గంటన్నర క్లాసులో నలభై మంది ఉంటే, టీచరు ఒక్క ముక్క మాట్లాడకపోయినా మీ వంతుకి వచ్చేది రెండు నిమిషాల చిల్లర. బ్యాచ్‌లో ఎంతమందో అడగండి, ఒక డెమో క్లాసుకి కూర్చుని మీచేత ఎంతసేపు మాట్లాడించారో చూసుకోండి. పదిమందిలోపు ఉండి, రోజూ మాట్లాడిస్తే ఆ డబ్బు వృథా కాదు, పదిమంది ముందు నోరు తెరిచే అలవాటు ఇంట్లో కూర్చుంటే రాదు. మళ్ళీ అదే నాలుగు గళ్ళ చార్టు బోర్డు మీద వేస్తుంటే మాత్రం ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా. తొమ్మిదిన్నరకి ఇల్లు చేరడం అంటే పాప నిద్రపోయే వేళ, అది కూడా ఫీజులో కలుపుకోండి. శని, ఆదివారాల బ్యాచ్ ఉందేమో కనుక్కోండి.

సొంతంగా చేసుకునే దారి చవకే గానీ దానికి పట్టు కావాలి. మీ ఆఫీసు మెయిల్స్ నూరు తీసి చూడండి, తిప్పి తిప్పి పాతిక వాక్యాలే ఉంటాయి: కాగితాలు అందలేదు, అందితే చేస్తాం, డ్యూటీ కట్టాక వదులుతారు, ఆలస్యమైతే డెమరేజ్ (ఆలస్యానికి వేసే రుసుము) పడుతుంది. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు రాసుకుంటే నెలలో నోట్‌బుక్ తయారు. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ళవీ, బీబీసీ వాళ్ళవీ ఇంగ్లీషు పాఠాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, బస్సులో చెవిలో పెట్టుకోవచ్చు. ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌లతో మెయిల్ రాయించుకోవడం సంగతి మీరు అడగలేదు, ఎలాగూ ఆలోచించే ఉంటారు. ముందు మీరు రాసి, తర్వాత దానికి చూపించి తేడా చూసుకుంటే అదొక మాస్టారే. మొత్తం దానికే వదిలేస్తే మెయిల్స్ బావుంటాయి, ఫోన్ మోగినప్పుడు మళ్ళీ మొదటికే వస్తారు. పార్టీల పేర్లు, సరుకు విలువలు మాత్రం అందులో పెట్టకండి. మీ శ్రీకాకుళం జిల్లావాడే గిడుగు రామమూర్తి గారు సవరభాష నేర్చుకోవడానికి ఏ ఫార్ములా చార్టూ పెట్టుకోలేదు, సవరల నోట విని, వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం ఆ తర్వాత ఆయనే రాశారు.

పాప సంగతి. చుట్టాల ముందు సరిచేయొద్దని చెప్పండి, కసిరి కాదు, "రాత్రి మనిద్దరం ఉన్నప్పుడు చెప్పు" అని. రోజూ పదినిమిషాలు ఆ నోట్‌బుక్ కుడి పేజీ దాని చేత చదివించుకోండి. ఒకటి రెండుసార్లు టీచరమ్మ వేషాలు వేస్తుంది, భరించాలి. బదులుగా మీరు దానికి తెలుగులో '-తే' వాక్యాలు ఇచ్చి ఎడమ పేజీ రాయించండి. ఇంగ్లీషు మీడియం పిల్లలు అక్కడ దొరికిపోతారు.

మీరు ఉండబట్టలేక చివర అడిగిన ప్రశ్న: మాటల్లో 'ఇఫ్ ఐ వాజ్' అని చాలామంది అంటారు, మెయిల్‌లో 'ఇఫ్ ఐ వర్' రాయండి, పేచీ ఉండదు. 'ఇఫ్ ఐ వర్ యు' మాత్రం ఎప్పుడూ వర్ తోనే అనండి. నేను మీరు కాలేను కదా, జరిగే పని కాదని ముందే ఒప్పుకున్న వాక్యం అది. ఆ లెక్కన, నేనే మీ స్థానంలో ఉంటే సీటు ఇంకో మూడు నెలలు వదిలేదాన్ని కాదు, మేనేజరుతో ఆ రెండు ముక్కలూ అనేదాన్ని, 18,000 అప్పుడే కట్టేదాన్ని కాదు. కానీ తొమ్మిదిన్నరకి గాజువాకలో బస్సు దిగేది నేను కాదు. మీ ఇల్లు, మీ ఒంట్లో ఓపిక నాకు తెలియవు, పైన చెప్పినవాటిలో ఏది నప్పుతుందో మీరే చూసుకోవాలి.

ఆ చార్టు తీసేస్తే ఫ్రిజ్ మీద ఖాళీ ఉంటుంది కదా, అక్కడ ఈ నాలుగూ అంటించండి, తెలుగులోనే: ఒకటో తారీఖు వస్తే. వాన వస్తే. లాటరీ వస్తే గిస్తే. హుద్‌హుద్ రాకపోయి ఉంటే.